అన్నిటికీ ‘బ్యాంగ్’ అని రాస్తే ఎలా?

ప్రశ్న: నమస్తే సార్. నేను ఇంటి నుంచే తెలుగు సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు ఇంగ్లిష్ క్యాప్షన్లు రాస్తుంటాను. వినపడనివాళ్లు కూడా చూస్తారు కాబట్టి మాటలతో పాటు చప్పుళ్లు కూడా రాయాలి. మొన్న ఒక సినిమా ఫైల్ మొత్తం ఎర్ర గీతలతో వెనక్కి వచ్చింది. తలుపు వేస్తే బ్యాంగ్, మనిషి పడితే బ్యాంగ్, గిన్నె పడినా బ్యాంగ్ అని రాశానట. చెంపదెబ్బకీ, గుద్దుకీ, మొట్టికాయకీ అన్నిటికీ ‘బీట్’ అని పెట్టానట. డిక్షనరీ తీస్తే థడ్, థంప్, బ్యాంగ్, స్లామ్ అన్నిటికీ ‘పెద్ద చప్పుడు’ అనే ఉంది, స్లాప్, స్మాక్, కఫ్, ర్యాప్ అన్నిటికీ ‘కొట్టు, దెబ్బ’ అనే ఉంది. వీటి మధ్య తేడా ఎలా పట్టుకోవాలి? లిస్టు ఏదైనా ఉంటే ఇవ్వండి, బట్టీ పట్టేస్తాను. వెనక్కి వచ్చిన వాటిలో ఐదు సీన్లు కింద రాశాను, వాటికి ఏం పెట్టాలో కూడా చెప్పండి. (కోపంగా వెళ్లిపోతూ భర్త తలుపు వేయడం, అర్ధరాత్రి పోలీసులు తలుపు కొట్టడం - దీనికి నాక్ అని కూడా రాసి చూశాను, మేడ మీద ఏదో పడటం - అది శవం అని తర్వాత తెలుస్తుంది, తాత మనవడి నెత్తిన మొట్టడం, గుమ్మం దగ్గర బిందె పడటం.)
ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం:

లిస్టు మాత్రం ఇవ్వనండి. మీరు తీసిన డిక్షనరీ కూడా ఒక లిస్టే, అది ఎంత సాయం చేసిందో మీరే రాశారు. పైగా మీకు చెవి లేక వచ్చిన ఇబ్బంది కాదు ఇది. ఆ తలుపు చప్పుడు వినగానే ‘ధడేల్మని’ అనే మాట మీ మనసులో వచ్చే ఉంటుంది, బిందె పడితే ‘ఖంగుమని’, చెంప మీద పడితే ‘ఛెళ్లుమని’. తెలుగింట్లో పెరిగిన వాళ్లకి ఈ మాటలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అవే వస్తాయి. మీరు ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఆ ‘మని’ మాటని ఇక్కడే వదిలేసి, దాని పక్కనున్న ‘కొట్టాడు’, ‘పడింది’ అనే క్రియని మాత్రం పట్టుకెళ్తున్నారు, అక్కడ వస్తోంది తంటా అంతా.

మన భాషలో క్రియ సాదాగా ఉంటుంది, చప్పుడు ఎలాంటిదో చెప్పే పని దాని ముందున్న మాటది. ఛెళ్లుమని కొట్టాడు, టకటకా కొట్టాడు, దబదబా కొట్టాడు: మూడు చోట్లా కొట్టడమే, కానీ మొదటిది చెంప, రెండోది ఏ టైపు మెషీనో కిటికీ అద్దమో, మూడోది తలుపు అని మనకి చెప్పకుండానే తెలుస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు ఈ రెండు ముక్కల్నీ కలిపేసి ఒకే క్రియ చేసుకున్నారు. ‘ఛెళ్లుమని కొట్టడం’ మొత్తం కలిపి స్లాప్. ‘ధడేల్మని తలుపు వేసేయడం’ మొత్తం కలిపి స్లామ్. అందుకని మీరు అనువాదం చేయాల్సింది ‘మని’ మాటని. ఆ మాటలో ఏముందో చూసుకోండి: ఏ వస్తువు దేనికి తగిలింది, తగిలాక మోగిందా లేక అక్కడితో ఆగిపోయిందా, ఒకసారా పదిసార్లా. చప్పుడు ఎంత పెద్దది అన్నది నిజానికి ఆఖరున చూసుకోవాల్సిన సంగతి, మీ డిక్షనరీ మాత్రం మొట్టమొదట అదే చెప్తోంది. ఇంకో లాభం కూడా ఉంది. క్యాప్షన్లలో చాలా చోట్ల లైనుకి 42 అక్షరాలకి మించి పట్టవు, అందులో ‘పెద్ద చప్పుడుతో తలుపు మూసుకుంది’ అని వివరంగా రాస్తూ కూర్చునే చోటు ఎక్కడిది, ఒక్క క్రియలోనే అంతా పోవాలి.

ముందు దెబ్బల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఫైల్లో ఎక్కువ నష్టం జరిగింది అక్కడే.

‘కొట్టు’ అంటే ‘బీట్’ అని మనకి చిన్నప్పుడు స్కూల్లో పడిపోయిన ముద్ర. బీట్ అంటే వరుసగా, ఒకదాని వెనక ఒకటి. గుండె బీట్ అవుతుంది, డప్పుకి బీట్ ఉంటుంది, ఆమ్లెట్ కోసం గుడ్డు బీట్ చేస్తారు, అన్నిట్లోనూ అదే పని మళ్లీ మళ్లీ జరుగుతోంది చూడండి. మనిషి విషయంలో అయితే అది మన ‘బాదడం’, కాస్త ఎక్కువైతే ‘చితకబాదడం’. పరీక్ష తప్పిన కొడుకుని తండ్రి ఒక్క చెంపదెబ్బ కొడితే మీరు ‘ఫాదర్ బీట్స్ సన్’ అని పెట్టారనుకోండి, అది చదివిన అమెరికా ప్రేక్షకుడు ఆ తండ్రిని రాక్షసుడనుకుంటాడు, ఆ తర్వాత సీన్లో ఆయన కన్నీళ్లు పెట్టుకుంటే నమ్మడు. (ఓడించడం అనే అర్థం వేరే ఉందనుకోండి, అది మ్యాచ్‌లకి.) ఒక్క దెబ్బకి మామూలు మాట హిట్. దానికి భూతకాలంలో కూడా రూపం మారదు, ‘హిట్టెడ్’ అని ఎక్కడా రాయకండి. స్ట్రైక్ అంటే అదే హిట్‌కి ఇస్త్రీ బట్టలు వేసినట్టు. పోలీసు రిపోర్టుల్లో, పిడుగు పడ్డప్పుడు, గడియారం గంట కొట్టినప్పుడు బాగుంటుంది గానీ అత్తాకోడళ్ల గొడవలో ఎబ్బెట్టుగా ఉంటుంది.

స్లాప్‌కి ముఖ్యమైనది చేతి ఆకారం. చెయ్యి చాచి ఉండాలి, అరచేయి తగలాలి. 2022 మార్చి 27న ఆస్కార్ వేదిక మీద విల్ స్మిత్ వెళ్లి క్రిస్ రాక్‌ని కొట్టాడు కదా, ప్రపంచమంతా దాన్ని స్లాప్ అనే పిలిచింది, ఇప్పటికీ ‘ద స్లాప్’ అంటే చాలు, ఏ సంఘటనో అందరికీ తెలుస్తుంది. పిడికిలి బిగించి ఉంటే అది పంచ్ అయ్యేది, వార్త రంగే మారిపోయేది. అరచేతి దెబ్బలో అవమానం ఎక్కువ, గాయం తక్కువ. పంచ్‌లో గాయం చేయాలనే ఉద్దేశం కనపడుతుంది. తమాషా ఏమిటంటే ఆ క్షణాన రాక్ మైకులో అన్న మాట స్మాక్. దెబ్బ తిన్నవాడికి చేతి ఆకారం ఎందుకు, మోతా మంటా కదా తెలిసేది. స్మాక్‌లో ఉన్నది అదే: చురుక్కుమనే చప్పుడు, దాని వెనక ఉన్న బలం. అందుకే బౌండరీకి బాదిన బంతిని కూడా స్మాక్ చేశాడంటారు, లొట్టలేసుకుంటూ తినేవాడు పెదాలు స్మాక్ చేశాడంటారు, స్లాప్ అయితే ఈ రెండు చోట్లా అతకదు.

పిల్లల్ని కొట్టే దగ్గర దేశం కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో తల్లి పిల్లాడికి ఒకటి ఇచ్చుకుంటే అది స్మాక్. స్కాట్లండ్‌లో 2020 నవంబర్ నుంచి, వేల్స్‌లో 2022 మార్చి నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టడం చట్టప్రకారం కుదరదు, ఆ చట్టాన్ని అక్కడి పత్రికలు రాసేది ‘స్మాకింగ్ బ్యాన్’ అనే. అమెరికాలో అదే పనికి స్పాంక్ అంటారు, కాకపోతే అది పిర్రల మీద మాత్రమే. మన సినిమాలో అమ్మమ్మ చీపురు పట్టుకుని వెంటపడి కాళ్ల మీద రెండు తగిలిస్తుందే, దానికి ఈ రెండూ సరిపోవు, అక్కడ వ్యాక్ అని పెట్టుకోండి. కర్రతోనో చెప్పుతోనో గట్టిగా, కొంచెం నవ్వొచ్చేలా వేసే దెబ్బ వ్యాక్.

ఇక గుద్దు. ఇక్కడ తెలుగుకి ఒకటే మాట, ఇంగ్లిష్‌లో చెయ్యి ఎటు నుంచి వచ్చిందో చూడాలి. పిడికిలి ముందుకి దూసుకెళ్లి మూతికో ముక్కుకో తగిలితే పంచ్. పైనుంచి కిందికి దిగి వీపు మీదో బల్ల మీదో పడితే థంప్. అక్కాతమ్ముళ్లు టీవీ రిమోట్ కోసం కొట్టుకుంటూ వీపు మీద గుద్దుకోవడం థంప్ కిందికి వస్తుంది, దానికి పంచ్ అని రాస్తే పోలీసుల్ని పిలవాలనిపిస్తుంది.

మొట్టికాయ గురించి మీరు దిగులు పడక్కర్లేదు, దానికి ర్యాప్ ఉంది. వేలి కణుపులతో, చిన్నగా, చురుగ్గా, ఠక్కుమని తగిలేది ర్యాప్. తల మీద కొడితే మొట్టికాయ, కిటికీ మీద కొడితే ఠకఠక. ఇంగ్లిష్ పేపర్లలో కోర్టు ప్రభుత్వాన్ని ‘ర్యాప్’ చేసింది అని హెడ్డింగు పెడతారే, మన పేపర్లు సరిగ్గా అదే వార్తకి ‘హైకోర్టు మొట్టికాయలు’ అని పెడతాయి. ఇంత చక్కగా జత కుదిరిన మాట ఇంకోటి నాకు కనపడలేదు. అదే ‘స్లామ్స్’ అని ఉంటే మనవాళ్లు ‘మండిపడ్డ’ అంటారు. టెంకిజెల్లకి దగ్గరగా వచ్చేది కఫ్: అరచేత్తో తల వెనకో చెవి పక్కనో, నొప్పి కంటే చీవాట్లు ఎక్కువుండే దెబ్బ.

తట్టడం దగ్గర మాత్రం జాగ్రత్త, ఇక్కడ చాలామంది పడతారు. భుజం తట్టి పిలిచాడు, భుజం తట్టి మెచ్చుకున్నాడు. మనకి రెండూ తట్టడమే. ఇంగ్లిష్‌లో మొదటిది ట్యాప్, వేలికొసలతో, ‘ఇటు చూడు’ అన్నట్టు. రెండోది ప్యాట్, అరచేత్తో, ప్రేమగా. (మెచ్చుకునేటప్పుడు వాళ్లు వీపు మీద ప్యాట్ చేస్తారు, భుజం జోలికి పెద్దగా పోరు.) పసిపిల్లని జోకొట్టడం ప్యాట్, కుక్కని నిమురుతూ తట్టడం ప్యాట్, గాలి బుడగలు పోయేలా ఇంజక్షన్ సిరంజిని గోటితో కొట్టే నర్సు చేసేది ట్యాప్. పట్టుకోవాల్సింది ఒకటే, ట్యాప్‌కి చప్పుడు ఉంటుంది, ప్యాట్‌కి దాదాపు ఉండదు. బూట్ల కింద లోహపు పలకలు కొట్టించుకుని టకటకా ఆడే నాట్యాన్ని ట్యాప్ డాన్స్ అనేది అందుకే.

ఇదంతా సరిగ్గా రాసి కూడా దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పేటప్పుడు బోల్తా కొట్టకండి. మనకి ‘మీద’ ఒకటి చాలు, తల మీద, పొట్ట మీద, చెంప మీద. వాళ్లకి తల అయితే ‘ఆన్ ద హెడ్’, వీపు, మోకాలు కూడా ‘ఆన్’. పొట్ట, కన్ను, ముఖం లాంటి మెత్తని చోట పంచ్ పడితే ‘ఇన్ ద స్టమక్’, ‘ఇన్ ద ఫేస్’, పిడికిలి లోపలికి దిగినట్టుగా. చెంపదెబ్బలో చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది కాబట్టి ‘అక్రాస్ ద ఫేస్’. ఇంకోటి, ముందు మనిషిని చెప్పి తర్వాత అవయవం చెప్తే అవయవానికి ‘హిజ్’, ‘హర్’ కాకుండా ‘ద’ వస్తుంది: ‘షి స్లాప్డ్ హిమ్ అక్రాస్ ద ఫేస్’.

చప్పుళ్లకి వద్దాం. ఇక్కడ ఒక చిన్న చిట్కా ఉంది, చాలా మాటలకి పనికొస్తుంది. ఇంగ్లిష్ మాట తోకని వినండి. ‘ంగ్’ అని ముగిస్తే తగిలాక ఆ శబ్దం కాసేపు మోగుతూ ఉంటుంది: క్లాంగ్, బాంగ్ (bong, బ్యాంగ్ కాదు), రింగ్. మన ఖంగు, ఠంగులు కూడా అంతే కదా. ‘ప్’, ‘డ్’ మీద ముగిస్తే అక్కడితో తెగిపోతుంది: ట్యాప్, ర్యాప్, స్లాప్, పాప్, థడ్. ‘ష్’ మీద ముగిస్తే ఏదో చెల్లాచెదురవుతోంది: క్రాష్, స్మాష్, స్ప్లాష్. మధ్యలో అచ్చుని కూడా చూడండి, ‘ఇ’ ఉంటే చిన్న వస్తువు, సన్నని శబ్దం. క్లింక్ అంటే గాజు గ్లాసులు తగలడం, క్లాంక్ అంటే ఇనుప గొలుసు. మనకీ చిరుగంట కిణకిణ, పెద్ద గంట గణగణ. ఇక ఒకే చిన్న చప్పుడు ఆగకుండా వస్తుంటే మనం మాటని రెండుసార్లు అంటాం, గలగల, చిటపట, టపటప. వాళ్లు చివర ఒక ‘ల్’ గానీ ‘ర్’ గానీ తగిలిస్తారు. క్రాక్ ఒక్కసారి ఫెటిల్లుమనడం, క్రాకిల్ అంటే మంటలో పుల్లల చిటపట. ప్యాట్ నుంచి ప్యాటర్, అంటే రేకుల మీద వాన టపటప. ర్యాటిల్, టింకిల్, జింగిల్, క్లాటర్ అన్నీ ఈ గూటివే. ఈ చిట్కాకి లొంగని మాటలూ ఉన్నాయి, బ్యాంగ్ అన్నిటికంటే ముందు, దాని తోకలో ‘ంగ్’ ఉన్నా మోగేది తక్కువ. అయినా చీకట్లో టార్చిలైటులా పనిచేస్తుంది.

మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన నాలుగు మాటలు ఇప్పుడు సులువవుతాయి. థడ్ అంటే బరువైనది మెత్తగా, మొద్దుగా తగిలి ఆగిపోవడం. బియ్యం బస్తా నేల మీద పడితే థడ్, మనిషి మట్టిలో పడితే థడ్. మన దబ్బుమనడం. క్రికెట్ చూస్తారా? బంతి ప్యాడ్‌కి తగిలితే వచ్చేది థడ్, బ్యాటు అంచుకి రాసుకుంటే సన్నగా, పదునుగా ఇంకో చప్పుడు వస్తుంది, దాని పేరు స్నిక్. అంపైరు చెవికి ఈ రెండూ వేరుగా వినపడాలి, లేకపోతే అవుట్ కాని క్యాచ్‌కి అవుట్ ఇచ్చేస్తాడు. 1999లో ఇంగ్లండ్‌లో చానల్ 4 వాళ్లు టీవీలోకి తెచ్చిన స్నికోమీటర్ ఈ తేడానే గీతలుగా గీసి చూపించింది, అంచు తగిలితే సూదిలా లేచే గీత, ప్యాడ్ తగిలితే లావుగా పరుచుకునే గీత. థడ్‌కీ థంప్‌కీ చప్పుడులో పెద్ద తేడా లేదు, కానీ థంప్ వెనక ఒక బలం ఉంటుంది, ఎవరో కావాలని చేసినదో, గుండెలా లోపలి నుంచి కొట్టుకునేదో. వ్యాకరణం కూడా ఈ మాటే చెప్తుంది: ఒక మనిషిని మీరు థంప్ చేయగలరు, థడ్ చేయలేరు. థడ్ తనంతట తాను జరుగుతుంది.

స్లామ్‌లో అసలు సంగతి మూయడం. తలుపు, కారు డోరు, సూట్‌కేసు మూత, ల్యాప్‌టాప్, ఏదైనా సరే బలంగా మూతపడాలి, సాధారణంగా ఎవరి కోపమో ఉంటుంది. ఫోను పెట్టేయడం కూడా స్లామే, ల్యాండ్‌లైన్ రోజుల్లో. గాలికి కిటికీ రెక్క టపాటపా కొట్టుకుంటుంటే అది మూతపడటం లేదు, అక్కడ బ్యాంగింగ్ సరైనది. బ్యాంగ్ అంటే హఠాత్తుగా, గట్టిగా, తడి లేకుండా పేలినట్టు వచ్చేది: తుపాకీ, టపాకాయ, టైరు, బల్ల అంచుకి తగిలిన మోకాలు. ఒక హెచ్చరిక: మనిషిని కర్మగా పెట్టి బ్యాంగ్ వాడకండి, దానికి బూతు అర్థం ఉంది, మీ ఫైల్ రెండోసారి వెనక్కి వచ్చేది ఎర్ర గీతలతో కాదు, నవ్వులతో. ఈ మాటకి విశ్వమంత పేరు తెచ్చిపెట్టినవాడు మాత్రం ఫ్రెడ్ హోయిల్ అనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త. 1949 మార్చిలో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ, తాను ఒప్పుకోని సిద్ధాంతాన్ని ‘బిగ్ బ్యాంగ్’ అన్నాడు. ఆయన ఒప్పుకోకపోయినా పేరు అదే నిలిచిపోయింది. బూమ్ అయి ఉంటే దూరం నుంచి గుండెల్లో అదిరేలా వచ్చే ఫిరంగి మోత అయ్యేది, బ్యాంగ్ అనేసరికి పక్కనే ఏదో పేలినట్టుంది.

గంటల దగ్గర ఒక్క విషయం. గుళ్లో గంటకి ‘టోల్’ అని రాసేవాళ్లని చూశాను. టోల్ అంటే నెమ్మదిగా, ఆగి ఆగి, ఒక్కొక్కటిగా కొట్టే గంట, చర్చిలో ఎవరైనా పోయినప్పుడు కొట్టేది. పెళ్లి సీన్లో గుడిగంటకి అది పెడితే ఇంగ్లిష్ ప్రేక్షకుడు పెళ్లికొడుకు ఎప్పుడు చచ్చిపోతాడా అని చూస్తూ కూర్చుంటాడు. గుడిగంటకి రింగ్ చాలు, పెద్ద కంచుగంట అయితే క్లాంగ్, పూజగదిలో చేతిగంట టింకిల్. లండన్‌లో బిగ్ బెన్ మోగితే అక్కడివాళ్లు బాంగ్ అంటారు, అదే గోపురంలో పావుగంటకోసారి రాగంలా వచ్చే చిన్న గంటలది చైమ్. బిగ్ బెన్ అనేది 13.7 టన్నుల ఆ పెద్ద గంట పేరు, 1859లో మోగడం మొదలుపెట్టిన కొద్ది నెలల్లోనే పగిలింది. గంటని కాస్త పక్కకి తిప్పి, తేలిక సుత్తి పెట్టి అలాగే కొనసాగించారు, ఇప్పటికీ ఆ పగులుతోనే మోగుతోంది. మన సినిమా దెయ్యాల కాలి గజ్జెలకి మాత్రం జింగిల్ పెట్టండి, బాంగ్ పెడితే భయం పోతుంది.

యాక్సిడెంట్ సీన్లు మీకు వస్తూనే ఉంటాయి. ‘లారీ బైకుని డాష్ చేసింది’ అని మన పేపర్లలో, ఎఫ్‌ఐఆర్‌లలో కూడా రాస్తారు, ‘డాష్ ఇచ్చాడు’ అని మాట్లాడుకుంటాం. ఇది మన దేశం వాడుక. బయటివాళ్లకి ఇప్పుడు డాష్ అంటే ఠక్కున పరిగెత్తడం, బండరాళ్లకి అలలు కొట్టుకునే చోట తప్ప ఢీకొట్టడం అనే అర్థం పెద్దగా మిగల్లేదు. పాత్ర నోట ‘డాష్’ అనే మాట వస్తే కూడా క్యాప్షన్‌లో హిట్ అని మార్చండి. నెమ్మదిగా తగిలితే బంప్, అద్దాలూ రేకులూ నుజ్జయ్యేలా గుద్దుకుంటే క్రాష్, గాజు ముక్కలైతే స్మాష్. సింధు కొట్టే స్మాష్‌లో షటిల్ ముక్కలవదు గానీ ఆ ఊపు చూసే ఆ పేరు పెట్టారు. బంప్‌కి బొప్పి అనే అర్థం కూడా ఉంది, రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ అనే అర్థమూ ఉంది, సందర్భం చూసుకోండి.

దీపావళి సీన్ ఉంటే సీమటపాకాయలకి పాప్, తాటాకు టపాకాయకి బ్యాంగ్, లక్ష్మీబాంబుకి బూమ్, చిచ్చుబుడ్డికి హిస్, రాకెట్‌కి వూష్. చిటిక వేయడం స్నాప్, మెటికలు విరవడం క్రాక్. కొరడా కూడా క్రాక్.

రాసే పద్ధతి గురించి రెండు మాటలు. ఒక్కసారి జరిగి అయిపోయిన చప్పుడుకి సాదా వర్తమానం, ‘డోర్ స్లామ్స్’. సాగుతున్న చప్పుడుకి చివర ‘ఇంగ్’, ‘బ్యాంగింగ్ ఆన్ డోర్’. తెర మీద స్పష్టంగా కనపడుతున్న ప్రతి దెబ్బకీ క్యాప్షన్ పెట్టకండి. మన సినిమా ఫైట్‌లో డిష్యూం డిష్యూం అని రెండొందల గుద్దులు ఉంటాయి, అన్నిటికీ పంచ్ అని రాస్తూ పోతే చదివేవాళ్లకి ఫైట్ కనపడదు, మీ అక్షరాలే కనపడతాయి. వెలుపల నుంచి వచ్చే చప్పుడు, కథని మలుపు తిప్పే చప్పుడు, ఇవి తప్పనిసరి. సీరియల్లో ఒకే చెంపదెబ్బని మూడు కోణాల్లో మూడుసార్లు చూపించి మూడుసార్లు ఛెళ్లుమనిపిస్తారు కదా, అక్కడ కూడా ఒక్క స్లాప్ చాలు, ఆమె కొట్టింది ఒక్కసారే.

మీ ఐదు సీన్లు చూద్దాం. భర్త తలుపుకి ‘డోర్ స్లామ్స్’, సందేహమే లేదు. పోలీసులు అర్ధరాత్రి తలుపు కొట్టడానికి మీరు నాక్ అని కూడా రాసి చూశానన్నారు, నాక్ మర్యాద. పక్కింటావిడ చక్కెర అడగడానికి వచ్చి కొట్టేది నాక్. (రాసినప్పుడు ‘నాక్డ్ ద డోర్’ అని రాయకండి, మధ్యలో ‘ఆన్’ ఉండాలి.) పిడికిళ్లతో తలుపు బద్దలయ్యేలా కొడితే ‘పౌండింగ్ ఆన్ డోర్’. లాఠీతో కొట్టినట్టు వినపడితే బ్యాంగింగ్. మేడ మీద ఏదో పడటానికి ‘థడ్ అప్‌స్టెయిర్స్’ అని పెట్టి వదిలేయండి, ఏం పడిందో ఆ పాత్రకే తెలియనప్పుడు ప్రేక్షకుడికి మీరు ముందే చెప్పకూడదు, శవం అని తర్వాత తెలుస్తుంది కాబట్టి క్రాష్ అసలు వద్దు. తాత మొట్టికాయకి ర్యాప్ ఉంది గానీ, తాత కనపడుతూనే ఉన్నాడు, అక్కడ పిల్లాడి ‘అబ్బా’కి ‘ఔ’ అని రాస్తే సరిపోతుంది.

బిందె ఒక్కటీ నేను తేల్చలేను, అందులో నీళ్లున్నాయో లేదో మీరు రాయలేదు. నిండు బిందె అయితే థడ్, వెంటనే స్ప్లాష్. ఖాళీ బిందె ఒక్కసారి పడి మోగితే క్లాంగ్, మెట్ల మీద దొర్లుకుంటూ పోతే క్లాటర్. వీడియో మళ్లీ పెట్టుకుని, హెడ్‌ఫోన్స్‌తో విని, మీరే పెట్టండి.